చంద్రునికి యవనులిచ్చిన మాటలు

‘లిప్తపాటులో జరిగిపోయింది’ అని తెలుగువారు అలవాటుగా అంటారు. ‘కేంద్రం నిధులు ఇవ్వాలి’ అనే మాట వినబడని రోజు విజయవాడలో ఉండదు. బ్యాంకులో సొమ్ము ‘జమ’ చేస్తారు. రైలు ‘రద్దు’ అవుతుంది. పటమటలో ఇల్లు ‘ఖాళీ’గా ఉంటే గుమ్మానికి బోర్డు కడతారు. ఈ అయిదు మాటల్లో మొదటి రెండింటి పుట్టిల్లు గ్రీసు, తరువాతి మూడింటి పుట్టిల్లు అరబ్బు దేశం. ఈ అయిదింటికీ మరో సంబంధం కూడా ఉంది. చంద్రుని గమనాన్ని లెక్కకట్టిన గ్రంథాల్లోనో, ఆ గమనానికి ఫలితం చెప్పిన గ్రంథాల్లోనో ఇవన్నీ పారిభాషిక పదాలుగా నిలిచాయి.

ఒక జాతి చంద్రునికి పెట్టుకున్న మాటలు మరో జాతి నోటికి ఎలా వచ్చాయి? వాటితోపాటు వచ్చినదేమిటి, రాకుండా ఆగిపోయినదేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికితే కృష్ణా తీరం, అలెగ్జాండ్రియా, బాగ్దాదు, ఉజ్జయిని ఒకే కథలో కనిపిస్తాయి.

చంద్రుడూ నెలా

గ్రీకుల చంద్రుడు స్త్రీ. ఆమె పేరు సెలేనే. వెలుగు అనే అర్థం గల ‘సెలస్’ నుండి ఆ పేరు వచ్చింది. హెసియడ్ చెప్పిన దేవతల వంశావళి ప్రకారం ఆమె హైపెరియన్, థేయాల కూతురు. సూర్యుడైన హేలియొస్‌కు, ఉషస్సు అయిన ఏయొస్‌కు తోబుట్టువు. లాత్మస్ కొండ గుహలో ఎన్నటికీ మేల్కొనని నిద్రలో ఉన్న ఎండిమియన్ అనే యువకుణ్ణి ఆమె ప్రేమించిందని, వారికి యాభైమంది కూతుళ్ళు కలిగారని కథ. ఈ యాభై వట్టి సంఖ్య కాదనీ, ఒక ఒలింపిక్ ఉత్సవానికీ మరొక ఉత్సవానికీ మధ్య గడిచే సుమారు యాభై చాంద్రమాసాలే ఆ కూతుళ్ళనీ పండితులు వ్యాఖ్యానించారు. మన పురాణాల్లో చంద్రునికి ఇరవైఏడుగురు భార్యలు. వారు దక్షుని కుమార్తెలు, ఇరవైఏడు నక్షత్రాలు. అక్కడ కూతుళ్ళు, ఇక్కడ భార్యలు. ఉభయత్రా కథ చాటున ఒక లెక్క ఉంది.

గ్రీకులో చంద్రునికి ‘మేనే’ అనే మరో పేరు కూడా ఉంది. ‘మేన్’ అంటే నెల. సంస్కృత ‘మాస’ శబ్దం, చంద్రుడు, నెల అనే రెండర్థాలూ గల ఫారసీ ‘మాహ్’ దీనికి జ్ఞాతులే. తెలుగు ఈ కుటుంబానికి చెందినది కాదు. అయినా తెలుగులో చంద్రుడూ ‘నెల’యే, ముప్పై రోజుల కాలమూ ‘నెల’యే. నెలవంక, వెన్నెల అనే మాటల్లో ఆ పాత అర్థం నేటికీ బతికి ఉంది. అరబ్బీలో నెలకు ‘షహ్ర్’ అంటారు. దాని సోదర పదమైన సిరియాక్ ‘సహ్రా’కు చంద్రుడని అర్థం. కాలాన్ని కొలవడానికి మనిషి మొట్టమొదట ఆకాశంలో దేనిని చూశాడో ఈ మాటలే చెబుతున్నాయి.

నెలవంకను అరబ్బులు ‘హిలాల్’ అన్నారు. దాని ధాతువుకు గొంతెత్తి చాటడం అనే అర్థం కూడా ఉంది. రోములో పురోహితులు నెల మొదటి రోజును కేకవేసి ప్రకటించేవారు. పిలవడం అనే అర్థంగల లాటిన్ ధాతువు నుండి ఆ రోజుకు పేరు వచ్చింది. ఆ పేరే నేడు ప్రతి ఇంటి గోడపైనా ‘క్యాలెండరు’గా వేలాడుతున్నది.

టాలమీ పుస్తకంలో కృష్ణా డెల్టా

క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో టాలమీ అనే పండితుడు ఉండేవాడు. ఆయన భూగోళ గ్రంథంలో మైసోలియా అనే ప్రాంతం, మైసోలొస్ అనే నది, కొంటకొస్సిల, కొద్దౌర అనే రేవులు కనిపిస్తాయి. మైసోలియా అంటే కృష్ణా గోదావరి ముఖద్వారాల ప్రాంతమని, కొంటకొస్సిల అంటే కంటకసేల, అనగా నేటి కృష్ణా జిల్లా ఘంటసాల అని, కొద్దౌర అంటే గూడూరు అని చరిత్రకారులు గుర్తించారు. ‘కంటకసేల’ అన్న పేరు అక్కడి ప్రాకృత శాసనాల్లోనే ఉంది. ఈ తీరంలోనే ఓడలు ఒడ్డును విడిచి నేరుగా సువర్ణభూమి వైపు సముద్రంలోకి సాగిపోయే చోటు ఒకటి ఉన్నట్లు టాలమీ గుర్తు పెట్టాడు.

ఈ టాలమీయే చంద్రుని గమనంపై గ్రీకుల విజ్ఞానాన్నంతటినీ ఒకచోట కూర్చిన ‘అల్‌మజెస్ట్’ కర్త. గ్రహఫలితాలపై నాలుగు భాగాల గ్రంథం వ్రాసినవాడు కూడా ఆయనే. అంటే, ఘంటసాల రేవు పేరును కాగితంపై పెట్టిన చేయి, చంద్రుని గతికి లెక్క కట్టిన చేయి ఒక్కటే. అయితే గ్రీకు జ్యోతిషం ఈ తూర్పు రేవుల ద్వారానే దిగిందని చెప్పడానికి ఆధారం లేదు. అది పశ్చిమ భారతంలో సంస్కృతమైంది. స్ఫుజిధ్వజుని ‘యవనజాతకం’ అందుకు ముఖ్యమైన సాక్ష్యం. దానిని 1978లో ప్రకటించిన డేవిడ్ పింగ్రీ, మూలానువాదం క్రీ.శ. 149-150లోనూ, పద్యరూపం 269-270లోనూ వెలువడ్డాయని నిర్ణయించాడు. 2013లో బిల్ మాక్ వ్రాతప్రతులను మళ్ళీ పరిశీలించి ఆ తేదీలు నిలవవని చూపాడు. కాలనిర్ణయంలో వివాదం ఉన్నా, గ్రంథంలోని గ్రీకు పదజాలం విషయంలో వివాదం లేదు.

‘యవన’ శబ్దం కూడా ఒక ప్రయాణమే చేసింది. అయోనియా అనే గ్రీకు ప్రాంతం పేరు నుండి సంస్కృతానికి ‘యవన’, అరబ్బీకి ‘యూనాన్’ వచ్చాయి. తరువాతి శతాబ్దాల్లో మన దేశపు శాసనాల్లో, కావ్యాల్లో తురుష్కులను, ముస్లిములను కూడా యవనులనే అన్నారు. పడమటి నుండి వచ్చినవారందరికీ ఒకే పేరు సరిపోయింది.

లిప్త, కేంద్రం, హోర

గ్రీకులో ‘లెప్తొన్’ అంటే సన్ననిది, సూక్ష్మమైనది. వృత్తంలోని ఒక భాగను అరవై సూక్ష్మాంశాలు చేస్తే ఒక్కొక్కటి లెప్తొన్. సంస్కృతం ఆ ధ్వనినే తీసుకొని ‘లిప్త’ అన్నది. సూర్యుని కంటే చంద్రుడు 720 లిప్తలు, అంటే 12 భాగలు ముందుకు జరిగితే ఒక తిథి పూర్తి అవుతుంది. పంచాంగంలోని ప్రతి తిథి వెనుక ఈ భాగహారమే ఉంది. ఆకాశంలో చాపపు కొలత అయిన లిప్త, తెలుగువారి నోట కాలపు కొలతగా మారి ‘లిప్తపాటు’ అయింది.

అదే లెప్తొన్‌ను అరబ్బులు ధ్వనిగా తీసుకోలేదు. దాని అర్థాన్ని అనువదించి ‘దఖీఖా’ అన్నారు. దఖీఖ్ అంటే సన్ననిదనే.

‘కెంత్రొన్’ అంటే ములుకు, వృత్తలేఖినిలో కదలకుండా గుచ్చి ఉండే మొన. సంస్కృతంలో అది ‘కేంద్ర’మై, జాతకంలో నాలుగు ముఖ్యస్థానాలకూ, గణితంలో మందోచ్చం నుండి చంద్రుడు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే కోణానికీ పేరయింది. అరబ్బులు ఇక్కడ కూడా అర్థాన్నే పట్టుకున్నారు. నేలలో గుచ్చి నిలపడం అనే అర్థంగల ధాతువు నుండి ‘మర్కజ్’ అన్నారు. నేడు ఒక మదరసా పేరులో ‘మర్కజ్’ అని, దాని పక్కనున్న ప్రభుత్వ కార్యాలయం పేరులో ‘కేంద్రం’ అని ఉంటే, ఆ రెండు బోర్డుల మీదా ఉన్నది ఒకే గ్రీకు ములుకు.

‘హోర’ గ్రీకులోనూ హోరాయే. క్రీ.శ. 6వ శతాబ్దంలోనే ఈ మాటకు దేశీయ వ్యుత్పత్తి కల్పించే ప్రయత్నం జరిగింది. ‘అహోరాత్ర’ శబ్దంలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసివేస్తే ‘హోరా’ మిగులుతుందని కొందరు అంటారని వరాహమిహిరుడే బృహజ్జాతకంలో పేర్కొన్నాడు. ఆ వరాహమిహిరుడే బృహత్సంహితలో, యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వారివద్ద స్థిరంగా ఉన్నది కనుక వారు ఋషులవలె పూజింపబడుతున్నారని అంగీకరించాడు. అల్ బీరూనీ క్రీ.శ. 1030 ప్రాంతంలో హిందూ దేశంపై గ్రంథం వ్రాస్తూ ఈ సంగతిని ప్రత్యేకించి ఎత్తిచూపాడు.

చంద్రయోగాలు నాలుగు

గ్రీకు ముద్ర అన్నిటికంటె స్పష్టంగా కనిపించేది చంద్రయోగాల పేర్లలో. చంద్రునికి రెండవ రాశిలో సూర్యుడు తప్ప మరో గ్రహం ఉంటే సునఫా యోగం. పన్నెండవ రాశిలో ఉంటే అనఫా. రెండుచోట్లా ఉంటే దురుధర. ఎక్కడా లేకపోతే కేమద్రుమం.

గ్రీకులో ‘సునఫే’ అంటే చేరిక. చంద్రుడు ముందుకు నడిచి తరువాతి రాశిలోని గ్రహాన్ని చేరబోతున్నాడని భావం. ‘అనఫే’ అంటే అంటుకొని ఉండటం. ‘దొరుఫొరియా’ అంటే ఈటెలు పట్టిన అంగరక్షకుల కొలువు. రాజుకు ముందు వెనుకల భటులు నడిచినట్లు చంద్రునికి రెండువైపులా గ్రహాలున్న స్థితి. ‘కెనొద్రొమియా’ అంటే శూన్యంలో పరుగు. ఎదుట ఏ గ్రహమూ లేక చంద్రుడు ఒంటరిగా నడిచిపోవడం. ఈ నాలుగోదే సంస్కృతపు నోటిలో ‘కేమద్రుమం’ అయింది. ‘ద్రుమం’ అని వినగానే సంస్కృతజ్ఞునికి చెట్టు గుర్తుకు వస్తుంది. కాని ఈ పదంలో ఏ చెట్టూ లేదు.

కేమద్రుమం దారిద్ర్యయోగమని జాతకగ్రంథాలు చెప్పాయి. పిల్లవాని జాతకంలోనో, పెండ్లికి ఎదిగిన అమ్మాయి జాతకంలోనో ఆ మాట వినబడితే కలత చెందే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ మాటకు అసలు అర్థం ‘దారిలో ఎవరూ లేరు’ అని మాత్రమే. అర్థం తెలియని పరాయిమాట మంత్రంలా భయపెడుతుంది. దాని చరిత్ర తెలిస్తే ఆ భయంలో కొంతైనా పలచబడుతుంది.

బాగ్దాదు మీదుగా రెండో రాక

క్రీ.శ. 8వ శతాబ్దంలో ఖలీఫా అల్ మన్సూర్ కొలువుకు భారతదేశం నుండి ఒక ఖగోళ గ్రంథం చేరింది. దాని అనువాదం ‘సింద్‌హింద్’ అనే పేరుతో ప్రసిద్ధమైంది. సంస్కృత ‘జీవా’ అరబ్బీలో ‘జైబ్’ అయి, లాటిన్‌లో ‘సైనస్’ అయి, నేటి పాఠశాల గణితంలో ‘సైన్’గా నిలిచింది. కాబట్టి ఇచ్చినవారు ఒకరు, పుచ్చుకున్నవారు మరొకరు అనే విభజన ఈ చరిత్రలో నిలవదు.

అల్‌మజెస్ట్‌ను అల్ హజ్జాజ్ క్రీ.శ. 827-828లో అరబ్బీలోకి తెచ్చాడు. తరువాత ఇస్‌హాఖ్ ఇబ్న్ హునైన్ మళ్ళీ అనువదించగా, సాబిత్ ఇబ్న్ ఖుర్రా సవరించాడు. సాబిత్ జన్మస్థలం హర్రాన్. ‘సిన్’ అనే చంద్రదేవుని ఆలయానికి పూర్వం నుండి పేరుపొందిన పట్టణమది. చంద్రుణ్ణి కొలిచిన ఊరి బిడ్డడు చంద్రుణ్ణి లెక్కించే గ్రంథాన్ని సవరించాడన్నమాట.

జ్యోతిష గ్రంథాలు అనువదించేటప్పుడు కూడా అరబ్బీ అనువాదకులు తమ పద్ధతి విడువలేదు. గ్రీకు ‘సునఫే’ను ధ్వనిగా ఉంచక, చేరిక అనే అర్థంగల ‘ఇత్తిసాల్’ అన్నారు. ‘కెనొద్రొమియా’ను ‘ఖలా అస్సైర్’, అంటే శూన్యగమనం అన్నారు. కొన్ని శతాబ్దాల తరువాత ఈ అరబ్బీ ఫారసీ జ్యోతిషం మన దేశంలో ‘తాజిక’ శాస్త్రం పేరుతో సంస్కృతంలోకి వచ్చింది. అరబ్బులను పారసీకులు పిలిచిన పేరే తాజిక శబ్దానికి మూలం. 13వ శతాబ్దంలో సమరసింహుడు, 1587లో ‘తాజికనీలకంఠి’ వ్రాసిన నీలకంఠుడు ఈ శాఖలో ముఖ్యులు. వారి షోడశ యోగాల్లో ‘ఇత్తిసాల్’ ఇత్థశాలమైంది. ‘ఖలా అస్సైర్’ ఖల్లాసరమైంది. ‘ఖబూల్’ కంబూలమైంది, ‘జమ్అ’ యమయా అయింది, ‘రద్ద్’ రద్దయోగమైంది.

కాబట్టి చంద్రుడు ఒక గ్రహాన్ని చేరడమనే ఒకే గ్రీకు భావం సంస్కృతానికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నేరుగా, సునఫాగా. రెండవసారి బాగ్దాదు మీదుగా, ఇత్థశాలంగా. కేమద్రుమం, ఖల్లాసరం కూడా అలాంటి జంటే. ఈ రెండు జంటలూ ఏకోదరులని అవి రెండూ చదివిన పండితునికి సైతం పేర్లను బట్టి తట్టదు.

తెలుగులోని జమ, రద్దు, ఖాళీ అనే మాటలు తాజిక గ్రంథాల నుండి రాలేదు. అవి కుతుబ్‌షాహీల, ఆ తరువాతి పాలకుల ఫారసీ పరిపాలన ద్వారా, బందరు రేవు వర్తకం ద్వారా, రెవెన్యూ లెక్కల ద్వారా వచ్చాయి. పటమట మీదుగా మచిలీపట్నం పోయే బందరు రోడ్డు పేరులోని ‘బందరు’ కూడా రేవు అనే ఫారసీ మాటే. అరబ్బీ ధాతువు ఒక్కటే. ఒక ద్వారం గుండా పండితుని తాళపత్రంలోకీ, మరో ద్వారం గుండా కరణం కవిలెకట్టలోకీ వచ్చింది.

మూడవసారి గ్రీకు చంద్రుడు సంస్కృతానికి వచ్చింది 1732లో. నసీరుద్దీన్ తూసీ 1247లో సిద్ధపరచిన అరబ్బీ అల్‌మజెస్ట్‌ను జయసింహుని ఆస్థానంలోని జగన్నాథుడు ‘సమ్రాట్ సిద్ధాంతం’గా అనువదించాడు. ఈ లోగా టాలమీ చంద్రసిద్ధాంతంలోని ఒక లోపాన్ని డమాస్కస్ మసీదులో కాలనిర్ణయ ఉద్యోగి అయిన ఇబ్న్ అష్‌షాతిర్ 14వ శతాబ్దంలోనే సరిదిద్దాడు. టాలమీ లెక్క నిజమైతే అష్టమినాటి చంద్రుడు కొన్నిసార్లు పౌర్ణమి చంద్రునికంటె దాదాపు రెట్టింపు పెద్దగా కనబడాలి. కంటికి అలా కనబడదు. ఇబ్న్ అష్‌షాతిర్ కట్టిన చంద్రగతి నమూనాయే 1543లో కోపర్నికస్ గ్రంథంలో కనిపిస్తున్నది.

రాని పేరు, వచ్చిన స్త్రీత్వం

వరాహమిహిరుడు బృహజ్జాతకంలో గ్రహాలకు పర్యాయపదాలు ఇచ్చాడు. సూర్యునికి ‘హేలి’ అని, కుజునికి ‘ఆర’ అని, శుక్రునికి ‘ఆస్ఫుజిత్’ అని, శనికి ‘కోణ’ అని గ్రీకు దేవతల పేర్లు అందులో ఉన్నాయి. చంద్రునికి మాత్రం ‘శీతరశ్మి’ అనే సంస్కృత నామమే ఉంది. సెలేనే పేరు ఆ పట్టికలోకి రాలేదు. ఇరవైఏడుగురు భార్యలున్న పురుషదేవునికి ఒక స్త్రీ పేరు పొసగలేదని ఊహించవచ్చు.

కాని సెలేనే పూర్తిగా వెనుదిరిగి పోలేదు. టాలమీ గ్రంథంలో చంద్రుడు, శుక్రుడు స్త్రీ గ్రహాలు. వరాహమిహిరుని గ్రంథంలోనూ ఆ రెండే స్త్రీ గ్రహాలు. పురాణంలో మగవాడు, పిల్లలకు మేనమామ అయిన చంద్రుడు, జాతకచక్రంలోకి వచ్చేసరికి స్త్రీ అయ్యాడు. పేరు పోగొట్టుకున్న దేవత తన స్వభావాన్ని ఆ చక్రంలో విడిచిపెట్టి వెళ్ళింది.

బాగ్దాదులో ఆ స్వభావం కూడా గ్రంథాల లోపలికే పరిమితమైంది. అరబ్బీలో చంద్రుడు పుంలింగం, సూర్యుడు స్త్రీలింగం. హోమర్ కావ్యాలను, గ్రీకు నాటకాలను అక్కడి అనువాదకులు చేపట్టలేదు. వారికి కావలసింది సెలేనే ప్రేమకథ కాదు, ఆమె నడక లెక్క. సూర్యచంద్రులు సృష్టికర్త సూచనలే తప్ప పూజనీయులు కారన్న విశ్వాసం వారిది. క్రీ.శ. 632 జనవరి 27న మదీనాలో సూర్యగ్రహణం కనిపించిన రోజునే దైవప్రవక్త కుమారుడు ఇబ్రాహీం మరణించినట్లు పండితులు లెక్కకట్టారు. బిడ్డ మరణానికే గ్రహణం పట్టిందని జనం అనుకోగా, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణాలు రావని ప్రవక్త వారించినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నాయి.

దీనికి వెయ్యేళ్ళకు పైగా పూర్వం, క్రీ.పూ. 413 ఆగస్టు 27న సిసిలీలో ఏథెన్స్ సేనాని నికియాస్ తిరుగు ప్రయాణానికి సిద్ధమై ఉండగా చంద్రగ్రహణం పట్టింది. జోస్యుల మాటపై ఆయన ఇరవైఏడు రోజులు ఆగాలని నిర్ణయించాడు. ఆ ఆలస్యంలో సైన్యం సర్వనాశనమైంది. గ్రహణానికి కారణం నీడ అని అనక్సాగొరస్ అంతకుముందే ఏథెన్స్‌లో చెప్పి ఉన్నాడు. అనగా జ్ఞానం ఊరిలో ఉండటం వేరు, అవసరమైన ఘడియలో మనిషికి అందటం వేరు.

తెలుగు నేల వాటా

ఈ గణితాన్ని తెలుగువారు కేవలం పుచ్చుకొని ఊరుకోలేదు. మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి ముందు తెలుగులో వ్యాఖ్య వ్రాసి, 1178లో సంస్కృత టీక వ్రాశాడు. ఆంధ్రదేశానికే చెందిన యల్లయ 1472లో ‘కల్పవల్లి’ అనే వ్యాఖ్య కూర్చాడు. లిప్త, కేంద్రం అనే యవన శబ్దాలు ఇటువంటి వ్యాఖ్యాతల ద్వారానే తెలుగు పంచాంగకర్తల నిత్యవ్యవహారంలో స్థిరపడ్డాయి.

వరాహమిహిరుడు సంగ్రహించిన రోమక సిద్ధాంతంలో 2850 ఏండ్ల యుగంలో 1050 అధికమాసాలు. లెక్క చేస్తే 19 ఏండ్లకు 7 అధికమాసాలు. ఇది క్రీ.పూ. 432లో ఏథెన్స్‌లో మెటన్ ప్రకటించిన, బాబిలోనియాలోనూ వాడుకలో ఉన్న చక్రమే. తెలుగు పంచాంగం అధికమాసం కలిపి చంద్రుణ్ణి ఋతువులతో జతచేస్తుంది. హిజ్రీ క్యాలెండరు అధికమాసం కలుపదు. 354 లేక 355 రోజుల ఏడాది కనుక రంజాన్ సుమారు 33 ఏండ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది.

అయినా ఈ రెండు క్యాలెండర్లకూ ఆధారం ఒకే చంద్రుడు. 2025 మార్చి 29 సాయంత్రం భారత కాలమానం ప్రకారం సుమారు 4 గంటల 28 నిమిషాలకు అమావాస్య ఘడియ ముగిసింది. మరునాడు, 30న, తెలుగువారు విశ్వావసు ఉగాది జరుపుకొన్నారు. ఆ సాయంత్రమే నెలవంక కనబడగా 31న మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ జరిగింది. పంచాంగం లెక్కను నమ్మింది, మసీదు కంటిని నమ్మింది. విజయవాడలో ఒకే నెలవంక రెండు వరుస రోజులను రెండు ఇళ్ళకు పండుగ చేసింది.

మాటల విషయంలో రెండు వాదాలు తరచు వినబడతాయి. సర్వమూ ఇక్కడే పుట్టిందని ఒకటి, సర్వమూ బయటినుండే వచ్చిందని మరొకటి. లిప్త, కేంద్రం, సునఫా అనే పదాలు మొదటి వాదాన్ని నిలువనీయవు. జీవా, సింద్‌హింద్ రెండవదాన్ని నిలువనీయవు. గ్రీకులవద్ద లేని ఇరవైఏడు నక్షత్రాల విభజన ఇక్కడ ఉంది; ఇరవైఎనిమిది ‘మనాజిల్’ అరబ్బుల వద్ద ఉన్నాయి.

పాఠ్యగ్రంథాల కోసం తెలుగు పరిభాషను నిర్మించినవారు కణం మధ్యనున్న భాగాన్ని ‘కేంద్రకం’ అన్నారు. అధికారాన్ని పంచడాన్ని ‘వికేంద్రీకరణ’ అన్నారు. అవి అచ్చమైన సంస్కృత పదాలనే అందరి నమ్మకం. ఆ నమ్మకం వల్ల నష్టమేమీ లేదు. పదిహేనువందల ఏండ్లకు పైగా వాడిన మాట ఎవరిదైనా వాడినవారిదే. అయితే దాని పుట్టిల్లు తెలిసినవాడు పొరుగువాని మాటను పరాయిది అని తోసివేయడానికి ఒకసారి ఆలోచిస్తాడు. కేమద్రుమానికి భయపడేవాడు అది శూన్యంలో నడక మాత్రమేనని తెలిస్తే కొంచెం నిమ్మళిస్తాడు.